28 పౌన్ల గీత

1776 సెప్టెంబరులో ఇంగ్లండు పన్నుల అధికారులు జాన్ వెస్లీకి ఒక ఉత్తరం పంపారు. అప్పట్లో అక్కడ ఇంట్లో ఉన్న వెండి సామాను మీద పన్ను కట్టాలి. దేశమంతా పేరున్న ప్రసంగీకుడు, ఊరూరా సంఘాలున్నవాడు, లెక్కలేనన్ని పుస్తకాలు అచ్చేయించినవాడు. అలాంటి మనిషి ఇంట్లో వెండి కంచాలూ గిన్నెలూ లేకుండా ఎలా ఉంటాయి, మరి లెక్క చూపించలేదేం అన్నది వాళ్ల అనుమానం. 73 ఏళ్ల వెస్లీ నాలుగు ముక్కల్లో జవాబు రాశాడు. తన దగ్గర లండన్‌లో రెండు వెండి టీ చెంచాలు, బ్రిస్టల్‌లో రెండు ఉన్నాయని, ప్రస్తుతానికి తనకున్న వెండి అంతా అదేనని, చుట్టూ ఇంతమందికి రొట్టె దొరకనప్పుడు ఇంకా కొనబోనని.

ఇంగ్లండు క్రైస్తవుల్లో భక్తిని మళ్లీ రగిలించిన మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన ఈ మనిషికి ముసలితనంలో ఒక భయం పట్టుకుంది. అది హింస వస్తుందన్న భయం కాదు. 1740ల్లో అల్లరిమూకలు రాళ్లు విసిరినప్పుడు, మెథడిస్టుల ఇళ్లు పగలగొట్టినప్పుడు ఆయన వెనక్కి తగ్గలేదు, సంఘాలూ తగ్గలేదు. ఆయన దిగులంతా తన మనుషులు బాగుపడుతున్నారనే. 1786 ఆగస్టులో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఆ సంగతి దాచుకోకుండా చెప్పాడు. మెథడిస్టులు యూరప్‌లో గానీ అమెరికాలో గానీ లేకుండా పోతారన్న భయం తనకు లేదట. శక్తి పోయి పైరూపం మాత్రం మిగిలిన చచ్చిన సంఘంగా బతికుంటారేమోనన్నదే భయం. కారణం కూడా అక్కడే చెప్పాడు: నిజమైన భక్తి కష్టపడే గుణాన్నీ పొదుపునూ పుట్టించి తీరుతుంది, ఆ రెండూ డబ్బును పుట్టించి తీరుతాయి, డబ్బు పెరిగేకొద్దీ గర్వమూ కోపమూ లోకం మీద మోజూ పెరుగుతాయి.

ఈ మాట మామూలుగా చర్చిల్లో వినిపించే హెచ్చరికలాంటిది కాదు. మామూలు హెచ్చరికలో డబ్బు బయటి నుంచి వచ్చే శోధన. సాతాను చూపిస్తాడు, మనిషి ఆశపడతాడు, పడిపోతాడు. వెస్లీ చెప్పింది వేరు. భక్తే డబ్బుకు తల్లి అవుతుంది, ఆ బిడ్డ పెరిగి తల్లిని మింగేస్తుంది అంటున్నాడు. అందుకే ఇందులో తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం చాలా కష్టం.

బ్రిస్టల్ పక్కనే ఉన్న కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల ప్రాంతాన్ని చూస్తే ఇది అర్థమవుతుంది. 1739లో వెస్లీ స్నేహితుడు జార్జ్ విట్‌ఫీల్డ్ అక్కడ ఆరుబయట నిలబడి ప్రసంగించినప్పుడు, గనుల్లోంచి నేరుగా వచ్చిన కూలీల నల్లటి చెంపల మీద కన్నీళ్లు తెల్లటి చారలు కట్టాయని ఆయనే రాసుకున్నాడు. అలాంటి ఒక కూలీ మారాడనుకోండి. వారం కూలి తాగుడుకు పోవడం ఆగింది. తెల్లవారుజామున 5 గంటల ప్రసంగం వినడానికి లేస్తాడు కాబట్టి పనికి ఆలస్యంగా వెళ్లడు. అబద్ధమాడడు కాబట్టి మేస్త్రీకి నమ్మకం కుదిరింది. పిల్లలు బడికి వెళ్లారు. పదేళ్లకు అప్పులు తీరాయి, ఇరవై ఏళ్లకు కొడుకు చిన్న కొట్టు పెట్టాడు. ఈ దారిలో ఏ మెట్టు దగ్గరా పాపం లేదు. ప్రతి మెట్టుకూ దేవునికి స్తోత్రం చెప్పాల్సిందే. కానీ కొట్టు పెట్టిన కొడుక్కి తెల్లవారుజామున లెక్కల పని ఉంటుంది. వారం మధ్యలో కూడికకు వెళ్తే బేరం పోతుంది. పక్కింటి కూలీతో కలిసి కూర్చోవడం ఎందుకో ఇబ్బందిగా అనిపిస్తుంది. దేవుణ్ణి వద్దని ఏ రోజూ అనుకోలేదు. వేడుకోవాల్సిన అవసరం మాత్రం రోజురోజుకీ తగ్గిపోయింది.

సిరి వచ్చేటప్పుడు కొబ్బరికాయలోకి నీళ్లు చేరినట్టు చేరుతుందని తెలుగువాళ్లకు ఎప్పట్నుంచో తెలుసు. తెలుగు బైబిలు అనువాదకులు సరిగ్గా ఆ మాటనే ఎంచుకున్నారు: "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు." సిరి అంటే పాపపు సొమ్ము కాదు, ఇంటికి వచ్చిన కళ. పెళ్లిలో దీవించేటప్పుడు వాడే మాట. దాన్నే యజమాని కుర్చీలో కూర్చోబెట్టి చూపించడం వల్ల ఆ వాక్యం తెలుగులో మరింత గట్టిగా తగులుతుంది. విత్తువాని ఉపమానంలో ఇంకో మాట ఉంది, ధనమోసము. అక్కడ ధనాన్ని ముళ్లపొదలతో పోల్చాడు యేసు. ముళ్లపొద మొక్కను వేళ్లతో సహా పీకెయ్యదు. పక్కనే పెరుగుతుంది, అదే నేల, అదే నీరు. కొన్నాళ్లకు మొక్కకు ఎండ తగలదు. మొక్క బతికే ఉంటుంది, పండదు.

లవొదికయ సంఘం సంగతీ ఇంతే. ఇప్పటి టర్కీలో ఉన్న ఆ ఊరు వ్యాపారానికి, నల్లటి ఉన్నికి పేరుబడ్డది. క్రీ.శ. 60 ప్రాంతంలో భూకంపం వచ్చి దెబ్బతిన్నప్పుడు రోము చక్రవర్తి సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్లీ లేచి నిలబడిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఒక ఊరు గర్వపడదగ్గ విషయమే అది. ప్రకటన గ్రంథంలో ఆ ఊరి సంఘం నోట వినిపించే మాట కూడా అదే గొంతులో ఉంటుంది: "నాకేమియు కొదువలేదు." ఆ సంఘం మీద వేరే దేవుళ్లను కొలిచారన్న నేరం మోపలేదు, తప్పుడు బోధ విన్నారన్న నేరమూ మోపలేదు. చల్లగానూ లేరు, వెచ్చగానూ లేరన్న మందలింపుకు కారణంగా చూపింది ఈ కొదువ లేకపోవడాన్నే.

వెస్లీ దీనికి ఏం మందు చెప్పాడు? డబ్బు సంపాదించవద్దని మాత్రం చెప్పలేదు. 1760లో అచ్చయిన ప్రసంగంలో మూడు సూత్రాలిచ్చాడు. సంపాదించగలిగినంత సంపాదించు, మిగల్చగలిగినంత మిగుల్చు, ఇవ్వగలిగినంత ఇవ్వు. మిగల్చడమంటే ఆయన దృష్టిలో బ్యాంకులో వెయ్యడం కాదు, అనవసరంగా ఖర్చుపెట్టకపోవడం. మిగిలింది మూడో సూత్రం కోసమే. మొదటి రెండూ పాటించి మూడోది వదిలేస్తే మనిషి ముందుకన్నా చెడిపోతాడని ఆయన గట్టి నమ్మకం.

ఆక్స్‌ఫర్డ్ రోజుల్లో తాను ఎలా బతికిందీ ఒక ప్రసంగంలో పేరు చెప్పకుండా, ఆ తొలి మెథడిస్టు కుర్రాళ్లలో ఒకడి కథగా చెప్పాడు. అది ఆయన కథేనని అందరూ అనుకుంటారు. ఆ కుర్రాడికి ఏడాదికి 30 పౌన్లు వచ్చేవి. 28 పౌన్లతో బతికి 2 పౌన్లు ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. అదే 28తో బతికి 32 ఇచ్చాడు. మూడో ఏడు 90 వస్తే 62, నాలుగో ఏడు 120 వస్తే 92 ఇచ్చేశాడు.

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు విషయమంతా ఇందులోనే ఉంది. తెలుగు సంఘాల్లో ఇవ్వడం అనగానే అందరికీ గుర్తొచ్చేది దశమభాగం. నెలకు 10 వేలు వచ్చే ఇంట్లో వెయ్యి తీసి కవర్లో పెట్టడమంటే ఆ నెల ఏదో ఒకటి మానుకోవడమే, అది నిజంగా త్యాగం. కానీ జీతం 2 లక్షలు అయినప్పుడు 20 వేలు ఇచ్చేసినా ఇంకా లక్షా 80 వేలు చేతిలో ఉంటాయి. వంతు మారలేదు, బతుకు మాత్రం పూర్తిగా మారిపోయింది. వంతు చెల్లించాం కాబట్టి మిగతాదాని గురించి దేవునితో మాట్లాడాల్సిన పని లేదన్న నిశ్చింత కూడా దానితో పాటే వస్తుంది. వెస్లీ ఇచ్చేదానికి వంతు పెట్టుకోలేదు. తన బతుక్కి గీత గీసుకున్నాడు. మొదటి ఏడు ఆయన ఇచ్చింది పదో వంతు కన్నా తక్కువే. నాలుగో ఏడు ఇచ్చింది నూటికి 76 పైన. ఆదాయం పెరిగినా గీత జరగలేదు కాబట్టే అది సాధ్యమైంది.

గీత జరగడమనేది ఎవరికీ కనిపించదు. ఫ్యాన్ సరిపోయేది, ఏసీ లేకపోతే నిద్ర పట్టదు. బండి సరిపోయేది, కారు లేకపోతే పిల్లలకు కష్టం. డబుల్ బెడ్రూమ్‌లో చుట్టాలు వస్తే ఇరుకు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, ఎవరూ కావాలని కల్పించుకున్నవి కావు. నిన్నటి సుఖం ఇవాళ్టి అవసరమవుతుంది, అవసరం ఎప్పుడూ జీతం కన్నా ఒకడుగు ముందే నడుస్తుంది. కోటీశ్వరుడు కూడా నిజాయితీగానే చేతిలో డబ్బు లేదని చెప్పేది అందుకే.

వెస్లీ మాట విన్నవాళ్లు చాలా తక్కువ. 1789 జులైలో, 86 ఏళ్ల వయసులో, డబ్లిన్‌లో ఉండగా రాసిన ప్రసంగంలో ఈ బాధ కట్టలు తెంచుకుంది. మొదటి సూత్రం పాటించేవాళ్లు చాలామంది కనిపిస్తారు, రెండోది పాటించేవాళ్లు కొద్దిమంది. మూడోది పాటించేవాళ్లు 50 వేలమంది మెథడిస్టుల్లో 500 మందైనా ఉంటారని నమ్మే ఆధారం ఉందా అని అడిగాడు. అర్ధశతాబ్దం గుర్రం మీద దేశమంతా తిరిగి చెప్పిన మనిషి వేసిన ప్రశ్న ఇది.

ఆ కాలంలోని ఒక జీవితం ఈ కథనంతా కళ్లకు కడుతుంది. జేమ్స్ లాకింగ్టన్ చెప్పులు కుట్టే పనివాడు, కుర్రతనంలోనే మెథడిస్టయ్యాడు. 1770ల్లో దాదాపు ఒట్టి చేతులతో లండన్ చేరి పాత పుస్తకాల కొట్టు పెట్టాడు. ఒక క్రిస్మస్‌కు భోజనం సామాను తెమ్మని భార్య పంపితే, ఉన్న అర క్రౌను నాణెం పెట్టి పద్యాల పుస్తకం కొనుక్కొచ్చినవాడు. పేద సభ్యులకు అప్పులివ్వడానికి వెస్లీ పెట్టిన నిధి నుంచి 5 పౌన్లు తీసుకుని కొట్టును నిలబెట్టుకున్నాడు. అప్పు బేరాలు మానేసి, తక్కువ లాభానికి రొక్కం మీద అమ్మి లండన్‌లోనే పేరుమోసిన పుస్తక వ్యాపారి అయ్యాడు, సొంత గుర్రపు బండి కొన్నాడు. సంఘాన్ని వదిలేశాడు. వెస్లీ చనిపోయిన 1791లోనే తన జీవితకథ అచ్చేసి అందులో మెథడిస్టులను ఎగతాళి చేశాడు. కథ అక్కడితో ఆగిపోలేదు. ముసలితనంలో మళ్లీ విశ్వాసంలోకి వచ్చాడు, తన ఎగతాళికి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు, సొంత డబ్బుతో ప్రార్థనామందిరాలు కట్టించాడు. ఆ 5 పౌన్లు ఒక మనిషిని నిలబెట్టాయి, దేవునికి దూరం చేశాయి, చివరికి తిరిగి తెచ్చాయి కూడా.

వ్యక్తికి జరిగిందే సంఘానికీ జరిగింది. 1742లో బ్రిస్టల్ మందిరం మీద అప్పు ఉండేది. ఒక్కొక్కరూ వారానికి పెన్నీ చొప్పున ఇస్తే తీరుతుందని ఫోయ్ అనే నావికుడు సలహా ఇచ్చాడు. పెన్నీ కూడా ఇవ్వలేని పేదలున్నారని ఎవరో అంటే, అందరికన్నా పేదవాళ్లు పదకొండు మందిని నాకు అప్పగించండి, వాళ్లు ఇవ్వలేకపోతే ఆ లోటు నేను పెట్టుకుంటాను అన్నాడాయన. అలా పన్నెండేసి మంది గుంపులయ్యాయి. నాయకుడు వారంవారం ఇల్లిల్లూ తిరిగి పెన్నీ అడిగేవాడు. తిరుగుతుంటే ఏ ఇంట్లో జ్వరం, ఏ ఇంట్లో తగాదా, ఎవరు మళ్లీ తాగుతున్నారు అన్నీ తెలిసేవి. మెథడిస్టు సంఘానికి వెన్నెముక అయిన క్లాసు మీటింగ్ ఇలా అప్పులోంచి, లేమిలోంచి పుట్టింది. 19వ శతాబ్దంలో సభ్యులు స్థిరపడ్డారు, పెద్ద మందిరాలు లేచాయి, మందిరంలో కూర్చునే బెంచీలకు అద్దె కట్టే పద్ధతి వచ్చింది, క్లాసు మీటింగులు క్రమంగా నీరసించాయి. 1827లో లీడ్స్ పట్టణంలోని బ్రన్స్‌విక్ మందిరంలో ఖరీదైన ఆర్గన్ పెట్టాలా వద్దా అన్న గొడవ సంఘాన్నే చీల్చింది. 1861లో విలియం బూత్ మెథడిస్టు బోధక పదవి వదిలేసి, 1865 నాటికి తూర్పు లండన్ మురికివాడల్లో పని మొదలుపెట్టాడు. పేదల మధ్య పనిచేసే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ పుట్టింది అక్కడే. వెస్లీ ఒకప్పుడు వెతుక్కుంటూ వెళ్లిన పేదలు మళ్లీ బయటే మిగిలిపోయారు కాబట్టే ఇంకొకరు వెళ్లాల్సి వచ్చింది.

మందిరాల గురించి వెస్లీ ముందే చెప్పాడు. సాదాగా, మర్యాదగా కట్టండి, తప్పనిసరి అయినదాని కన్నా ఎక్కువ ఖర్చుపెట్టకండి, లేకపోతే డబ్బున్నవాళ్లు మనకు అవసరమైపోతారు, అప్పుడు వాళ్ల మీద ఆధారపడతాం, చివరికి వాళ్లే మనల్ని ఏలతారు అని. సంఘం కమిటీ ఎన్నికలు దగ్గర నుంచి చూసిన ఏ తెలుగు విశ్వాసికైనా ఈ హెచ్చరికకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

వెస్లీ పరంపర తెలుగు నేలకు కూడా వచ్చింది. మెదక్‌లో పనిచేసిన చార్లెస్ వాకర్ పోస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీయే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి సాదా మందిరం కాదు, గోపురం సుమారు 175 అడుగులు. అయితే కరువు రోజుల్లో జనానికి పని చూపించి కూడు పెట్టింది ఆ కట్టడమేనని చుట్టుపక్కల పల్లెలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. అంతకుముందు 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకు ఇవ్వడానికి క్లౌ దగ్గర అప్పుడు కాలువ పని లేదు, గింజలు లేవు.

ఆ తరం మనవళ్లు, మునిమనవళ్లు మిషన్ బడుల్లో చదివి టీచర్లయ్యారు, మిషన్ ఆసుపత్రుల్లో నర్సులయ్యారు, తర్వాత గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లారు. కింగ్స్‌వుడ్‌లో జరిగిందే ఇక్కడా జరిగింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. భూమి దక్కనివ్వని, బావి ముట్టనివ్వని సమాజంలో ఆ మెట్లెక్కిన మనిషికి పక్కా ఇల్లు శోధన కాదు, ఆలస్యంగా దక్కిన న్యాయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా కూడా లేదు. అలాంటి ఇంటికి వెళ్లి సిరి చెడ్డదని బోధించడం అన్యాయం. వెస్లీ ఆ పని చేయలేదు. 1753లో లండన్ పేదల నేలమాళిగ గదులు తిరిగి చూశాక, వాళ్లు సోమరులు కాబట్టే పేదలన్న మాట దుర్మార్గపు అబద్ధమని డైరీలో మండిపడ్డాడు. ఆయన గీత కింద తిండి, బట్ట, గూడు ఉన్నాయి. అవి లేనివాడికి ఆయన చెప్పిన కఠినమైన మాటేదీ వర్తించదు. ఆ గీత దాటినవాడి గురించే ఈ మాటలన్నీ.

గీత దాటిన తర్వాత ఏం మారుతుందో డిసెంబరు 31 రాత్రి బాగా కనిపిస్తుంది. ఆ రాత్రి ఆరాధనకు ఉన్న మూలాల్లో ఒకటి కింగ్స్‌వుడ్ గని కూలీల జాగరణ. ఒకప్పుడు సారా కొట్లో గడిపిన రాత్రులను వాళ్లు ప్రార్థనలో గడిపారు. వెస్లీ దాన్ని నెలకోసారి, పున్నమికి దగ్గరి శుక్రవారం పెట్టించాడు, ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు వెన్నెల ఉంటుందని. ఇప్పుడు తెలుగు సంఘాల్లో పన్నెండు దాటగానే కేకు కోస్తారు, ఆ తర్వాత పళ్లెంలో వాగ్దానపు కార్డులు, అంటే కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసుకునే బైబిలు వాక్యాలు వస్తాయి. అందరూ వరుసలో నిలబడి తలా ఒకటి తీసుకుంటారు. "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు." ఫోటో తీసి స్టేటస్ పెడతారు. ఆ వాక్యం ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోది. అదే పుస్తకంలో 8వ అధ్యాయం, మంచి ఇళ్లు కట్టుకుని కాపురముంటూ, మందలు పెరిగి, వెండి బంగారాలు పెరిగిన రోజున మనసు గర్వించి దేవుణ్ణి మరిచిపోతావేమో జాగ్రత్త అంటుంది. ఆ అధ్యాయం వాక్యం కార్డు మీద కనిపించడం అరుదు.

తమను దేవునికి అప్పగించుకుంటూ చేసే నిబంధన ఆరాధనను వెస్లీ 1755లో మొదలుపెట్టాడు. అది కూడా తర్వాత కొత్త సంవత్సరానికే స్థిరపడింది. మెథడిస్టు సంప్రదాయంలో ఆ రోజు చెప్పే ప్రార్థన వాగ్దానం అడగదు. నన్ను నిండుగా ఉంచు, ఖాళీగా ఉంచు; అన్నీ ఉండనివ్వు, ఏమీ లేకుండా చెయ్యి; నేను నీవాణ్ణి అంటుంది. రెండు ప్రార్థనలూ నిజాయితీ గలవే కావచ్చు. కానీ మొదటిది దేవుడు ఏమిస్తాడని చూస్తుంది, రెండోది తనను దేవునికి ఇచ్చేస్తుంది. కొదువ లేని కాలంలో మొదటి ప్రార్థన అలవాటైపోయి, రెండోది నోటికి కొత్తగా, భయంగా తోస్తుంది. సాక్ష్యాల్లో కూడా ఈ తేడా వినిపిస్తుంది. ఇల్లు కట్టుకున్నాం, వీసా వచ్చింది, ప్రమోషన్ వచ్చింది అని కన్నీళ్లతో చెప్పే సాక్ష్యాలు బోలెడు. జీతం పెరిగింది కానీ మా ఖర్చు పెంచుకోలేదు, ఆ మిగిలింది ఫలానా పిల్లల ఫీజుకు వెళ్లింది అన్న సాక్ష్యం అంత తరచుగా వినిపించదు. విదేశాల్లో స్థిరపడ్డ తెలుగు సంఘాల్లో డబ్బు కన్నా ముందు సమయం తరిగిపోతుంది. ఇంటి లోను, రెండు ఉద్యోగాలు, పిల్లల క్లాసులు పోగా దేవునికి మిగిలేది ఆదివారం గంటన్నర, అదీ ఒక్కోసారి ఆన్‌లైన్‌లో.

వెస్లీ వదిలివెళ్లిన పనిముట్లలో అందరికీ అందుబాటులో ఉండేది ఆయన జమాఖర్చుల పుస్తకం. చదువుకునే రోజుల నుంచి పెన్నీ పెన్నీ రాసుకున్నాడు. గీత ఎక్కడుందో, ఈ ఏడు ఎంత జరిగిందో కళ్లతో చూడాలంటే వేరే దారి లేదు, ఎందుకంటే మనసు ఎప్పుడూ తక్కువే ఖర్చుపెట్టానని చెబుతుంది. 1790 జులైలో చూపు, చెయ్యి సహకరించక, వంకర అక్షరాలతో ఆ పుస్తకంలో ఆఖరి మాట రాశాడు. ఇన్నేళ్లు లెక్కలు సరిగ్గా రాశాను, ఇక ఆ ప్రయత్నం చేయను, మిగల్చగలిగినంత మిగులుస్తున్నాను, ఇవ్వగలిగినంత ఇస్తున్నాను, అంటే నా దగ్గరున్నదంతా. మరుసటి ఏడాది మార్చి 2న కన్నుమూశాడు. శవానికి బండి వద్దని, ఆర్భాటమేదీ వద్దని, ఆరుగురు పేదవాళ్లే మోయాలని, ఒక్కొక్కరికీ ఒక పౌను ఇవ్వాలని వీలునామాలో రాసి ఉంచాడు.